పోడు నుంచి పోయిన బీడు

తూర్పు కనుమల్లో కొండవాలున చెట్లు కొట్టి, ఎండినాక వేసవిలో కాల్చి, తొలకరికి ఆ బూడిదలో గింజలు వేసే సేద్యం పోడు. చోళ్లు, సామలు, కొర్రలు, కందులు ఒకే చేనులో కలిపి వేస్తారు. ఒక్కో పంట ఒక్కో నెలలో చేతికి వస్తుంది కనుక కొండరెడ్లు, సవరల వంటి తెగల ఇళ్లలో తిండికి వరుస తప్పేది కాదు. పండిన ఊళ్లోనే తినే తిండి ఇది. పోడువల్ల అడవికి ఎంత నష్టమో తేలాలంటే, పంట తీశాక ఆ నేలను ఎన్నేళ్లు వదిలేస్తున్నారో చూడాలి.

కాల్చినప్పుడు కొమ్మల్లోని పొటాష్, సున్నం, కొంత భాస్వరం బూడిదగా నేలకు చేరతాయి. మట్టిలో ఆమ్లగుణం తగ్గి మొదటి ఏడు పంట బాగా వస్తుంది. నత్రజని మాత్రం చాలావరకు పొగలో పోతుంది. రెండు మూడేళ్లకు బూడిద బలం వానకు కొట్టుకుపోతుంది, కలుపు కమ్ముకుంటుంది. పూర్వం అప్పుడా చేనును వదిలి మరో వాలుకు వెళ్లేవారు. మొదళ్లు పెకలించేవారు కాదు కనుక మోళ్లు చిగురించేవి. నాగలి పెట్టేవారు కాదు కనుక వేళ్లు మట్టిని పట్టి ఉంచేవి. పది పదిహేనేళ్లు బీడు పెడితే కుర్రడవి లేచి, రాలిన ఆకుతో నేల తేరుకునేది. ముదురు చెట్లను నమ్ముకున్న పక్షులు, జంతువులు అంత త్వరగా తిరిగిరావు. ఆ నష్టం పాత పోడులోనూ ఉంది, దాచనక్కర్లేదు.

1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత రిజర్వు అడవుల హద్దులు పెరిగి, తిరుగుడుకు చోటు తగ్గింది. పోడుపై ఆంక్షలు 1922-24 మన్యం తిరుగుబాటుకు ఒక కారణం. ఆ పాత అన్యాయాన్ని సరిదిద్దడానికి వచ్చినదే 2006 అటవీ హక్కుల చట్టం. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, 4 హెక్టార్లకు మించకుండా అది హక్కు ఇస్తుంది. తెలంగాణలో 2023లోనే సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలిచ్చారు. ఈ హక్కు న్యాయమైనదే, ఎప్పుడో రావలసినదే. అయితే పట్టా కొలిచేది సాగులో ఉన్న చెక్కను. బీడు పెట్టిన కొండ ఆ లెక్కలో నిలవడం కష్టం. వదిలేస్తే చేయి జారుతుందన్న భయంతో రైతు ఏటా అదే వాలును దున్నుతాడు.

పర్యావరణానికి అసలు దెబ్బ ఇక్కడ తగులుతుంది. మొదళ్లు తీసి నాగలి పెట్టిన వాలు మీద తొలి వానలకే పైమట్టి జారుతుంది. కింది గెడ్డలు, చెరువులు పూడుతాయి. నేలలో ఇంకే నీరు తగ్గి, వేసవిలో ఊటలు ముందుగానే ఎండుతాయి. నిస్సారమైన నేలకు ఎరువు కొనాలి, ఎరువుకు డబ్బు కావాలి. ఉత్తర తెలంగాణ అటవీ గ్రామాల్లో పోడు చేలల్లోకి పత్తి వచ్చింది ఈ దారిలోనే. తిండి కోసం నరికిన అడవి చివరికి తిండి కూడా పెట్టడం లేదు.

ఆంధ్రలోని పాడేరు ప్రాంతంలో పోడుకు ప్రత్యామ్నాయంగా కాఫీ తోటలు వేయించారు. నీడచెట్ల కింద పెరిగే పంట కనుక ఏటా దున్నే పని లేదు, మట్టి నిలుస్తుంది. ఇక్కడి అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది, చేతికి డబ్బూ వస్తోంది. కానీ నీడకోసం విరివిగా నాటినది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్. దాన్ని పాత అడవితో సమానం చేయలేం. చోళ్లు పండిన చోట కాఫీ వస్తే కంచంలోకి రేషన్ బియ్యం వస్తుంది.

నిటారు వాలును తిరిగి చెట్లకు వదిలి, మధ్యస్థపు వాలున అడ్డంగా రాతికట్టలు వేసి, దిగువన చిరుధాన్యాలు పండించడం కొంతవరకు మేలు. అందుకు బీడుకూ రక్షణ ఉండాలి. 2006 చట్టంలోనే ఉమ్మడి అటవీ వనరుల హక్కు, ఆదిమ తెగలకు ఆవాస హక్కు ఉన్నాయి. ఊరు తిరుగుతూ సాగుచేసే కొండ మొత్తాన్ని ఒక్కటిగా చూడగల వీలు వాటికే ఉంది. వ్యక్తిగత పట్టాలతో పోలిస్తే వాటి గుర్తింపు ఎంతో వెనకబడి ఉంది.