తోలుతిత్తికి సొంతూరేది?

దోహా దక్షిణ శివారు అల్ తుమామా. అరబ్బు మగవాళ్ళు తలగుడ్డ కింద పెట్టుకునే గహ్‌ఫియా టోపీ ఆకారంలో ఖతారీ వాస్తుశిల్పి ఇబ్రహీం జైదా గీసిన స్టేడియం అక్కడ 2021 అక్టోబరు 22న మొదలైంది. మరుసటి ఏడాది ప్రపంచకప్పులో మొరాకో పోర్చుగల్‌ను ఇంటిదారి పట్టించింది అందులోనే. ఆ టోపీ ఎవరిదని ఏ పర్యాటకుడూ అడగడు. అదే నగరంలో, సూక్ వాకిఫ్ బజారులో పోలీసు బ్యాండు బ్యాగ్‌పైపు అందుకుంటే మాత్రం ‘స్కాట్లండ్ వాద్యానికి ఇక్కడేం పని?’ అంటారు.

ప్రశ్న సబబే, జవాబులో సగం సైన్యానిది. 1916 నుంచి 1971 దాకా ఖతార్ బ్రిటిష్ రక్షణలో ఉంది. పొరుగున ఒమాన్ సుల్తాన్ ఖాబూస్ బ్రిటిష్ సైనిక విద్యాలయం శాండ్‌హర్‌స్ట్‌లో చదివి, స్కాటిష్ పటాలంలో పనిచేసి వచ్చాడు. ఆయన రాజ్యంలో ఒంటెలెక్కి ఊదే దళమే తయారైంది. స్కాట్లండ్ పైపును ఎడారికి చేర్చింది కెల్టిక్ వారసత్వం కాదు, కవాతు.

మిగతా సగం ఎవరికీ పట్టదు. గల్ఫ్‌కు తనదైన తోలువాద్యం ఉంది. అరబ్బులు హబ్బాన్ అనీ జిర్బా అనీ అంటారు, ఎదుటి ఇరాన్ తీరంలో నే-అంబాన్. మేకతోలు సంచికి పక్కపక్కనే జంట గొట్టాలు. స్కాట్ల వాద్యంలోలా భుజం మీంచి ఒకే స్వరం పట్టి ఉంచే గొట్టాలుండవు. అసలు ఇది ఒక్క స్కాట్ల సొత్తే కాదు: రోమ్ చక్రవర్తి నీరో, గండం గడిస్తే సంచివాద్యం ఊదుతానని మొక్కుకున్నట్టు రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. మొదటి శతాబ్దపు ముచ్చట అది.

మనమైనా ఆ పర్యాటకుల్ని చూసి నవ్వలేం; మన సంచివాద్యాన్ని మనమూ మరిచాం. పొట్ట కోయకుండా మేకతోలు నిండుగా ఒలిచి, కన్నాలు బిగించి కట్టి, ఒకచోట ఊదే గొట్టం, ఇంకోచోట మోగే గొట్టం దిగేస్తే అది మన తిత్తి. చంకలో నొక్కిపెడితే ఊదేవాడు ఊపిరి తీసుకునేటప్పుడు కూడా శ్రుతి తెగదు. వీధిభాగవతానికీ కూచిపూడి మేళానికీ ఒకప్పుడు అదే ఆధారశ్రుతి. తరవాత హార్మోనియం వచ్చింది, ఆపైన కరెంటు శ్రుతిపెట్టె. పెట్టె నమ్మకమైనదే, తోలులా ఎండకీ వానకీ పేచీ పెట్టదు. అందుకని తిత్తిని అటకెక్కించాలా?

దోహాలో ఉగాది చేసుకునే తెలుగు సంఘాలకు ఒక మాట. సినిమా గాయకుల టికెట్లతో పాటు తిత్తి పట్టేవాడికీ ఒకటి తీయండి. హబ్బాన్ వాయించే స్థానికుణ్ణి పక్కన కూర్చోబెట్టండి. మేకతోలు గురించి విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళకు సంజాయిషీ చెప్పుకోవలసి రావచ్చు. ముందే కాగితాలు సిద్ధం చేసుకుంటే సరి.