దాత చూసే సినిమా, ఊరు చూడని సినిమా

ఈమధ్య ఏ సేవాసంస్థ ఏ ఊళ్లో చెరువు పూడిక తీయించినా, బడికి నాలుగు గదులు కట్టించినా, పనితోపాటు ఒక సినిమా కూడా తయారవుతోంది. నిడివి అయిదారు నిమిషాలు. మొదట డ్రోన్ మీంచి ఊరు, తర్వాత దగ్గరగా ఒక ముసలమ్మ ముఖం, ఆఖర్న సంస్థ పేరు, కంపెనీ గుర్తు. అది చెన్నైలో కంపెనీ వార్షికోత్సవంలో ఆడుతుంది, హైదరాబాద్‌లో ఏదో సదస్సులో ఆడుతుంది, అమెరికాలో తెలుగు సంఘాల విందుల్లో ఆడుతుంది. వక్త మాట్లాడతారు, సభ చప్పట్లు కొడుతుంది, కొందరు అక్కడికక్కడే విరాళాలు ప్రకటిస్తారు. ఆ ముసలమ్మ ఈ సినిమా చూసిందా అని అడిగేవాళ్లు మాత్రం సభలో కనిపించరు.

అడగాల్సిన ప్రశ్న అదే. అభివృద్ధి మీద, దాతృత్వం మీద జరిగే ఉపన్యాసాలు, చిత్ర ప్రదర్శనలు దాతలో నమ్మకం పుట్టించడానికి మాత్రమే అయితే వాటిని ప్రచారం అనుకుని వదిలేయవచ్చు. కానీ ఆ పనుల వెనక ఉన్నది పన్ను రాయితీ పొందిన సొమ్ము, లేదా ఖర్చుపెట్టి తీరాలని చట్టం చెప్పిన సొమ్ము. అలాంటప్పుడు అవి ఊరికి లెక్క చెప్పే వేదికలు కూడా కావాలి. అందుకు మార్గం కష్టమైందేమీ కాదు. మొదటి ఆట పని జరిగిన ఊళ్లోనే పడాలి. ఆట అయ్యాక ప్రశ్నలు అడిగే వంతు ఊరిది కావాలి.

ఈ మాట పరీక్షించి చూడటానికి ఆరణి నది వెంట ఉన్న ఊళ్లు తగిన చోటు. ఆంధ్రప్రదేశ్ కొండల్లో పుట్టి, పిచ్చాటూరు జలాశయంలో ఆగి, సురుటుపల్లి, ఊత్తుకోట, పెరియపాళెం, ఆరణి, పొన్నేరి మీదుగా పులికాట్ వైపు సాగే ఈ చిన్న నది రెండు రాష్ట్రాలది, రెండు భాషలది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సర్దినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల్లోని కొన్ని గ్రామాలు ఆంధ్రకు వచ్చాయి. ఇప్పుడు ఈ ప్రాంతానికి అటూ ఇటూ గుమ్మిడిపూండి, శ్రీసిటీ, శ్రీపెరుంబుదూరు పారిశ్రామికవాడలున్నాయి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, వాటి వెంట వచ్చే కెమెరాలు ఇక్కడి ఊళ్లకు కొత్తకాదు.

ఆరణి ఒడ్డునున్న పెరియపాళెం పచ్చయప్ప మొదలియారు పుట్టిన ఊరు. 1754లో పేద ఇంట పుట్టిన ఆయన కుంపిణీ కాలపు మద్రాసులో దుబాసీగా లక్షలు గడించారు. 1794లో కన్నుమూసే ముందు ఆస్తిని ధర్మకార్యాలకు రాసిపెట్టారు. ఆ సొమ్ము అసలు దారికి రావడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. దాన్ని చేతిలో పెట్టుకున్నవాళ్లు లెక్క చూపలేదు. ప్రభుత్వ అడ్వొకేట్ జనరల్ మద్రాసు సుప్రీంకోర్టుకు ఎక్కితే తప్ప నిధి బయటపడలేదు. గుళ్ల ధర్మాలకు పోను మిగిలిన డబ్బుతో 1842లో పేదపిల్లలకు ఇంగ్లిషుతోపాటు తమిళం, తెలుగు నేర్పే బడి మొదలైంది. 1850లో తెరిచిన పచ్చయప్ప హాలు మద్రాసులో బహిరంగ ఉపన్యాసాలకు పేరుమోసిన వేదిక అయింది. దాత సదుద్దేశాన్ని ఎవరూ శంకించలేదు. అయినా ధర్మం జరగాలంటే లెక్క నలుగురి ముందుకూ రావలసి వచ్చింది.

మద్రాసులో మరో ఉపన్యాస వేదిక విక్టోరియా పబ్లిక్ హాలు. దానికి 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనందగజపతి. మచిలీపట్నానికి చెందిన రఘుపతి వెంకయ్య 1910లో క్రోనోమెగాఫోన్ అనే యంత్రంతో బొమ్మలు ఆడించింది ఆ హాల్లోనే. ఆయన అక్కడే ఆగిపోలేదు. గుడారంతో బయల్దేరి బర్మా, సింహళం దాకా ఆటలు వేశారు. సినిమాను జనం దగ్గరికి మోసుకుపోవడం తెలుగువాళ్లకు వందేళ్ల పైబడిన అలవాటు. సేవారంగంలో మాత్రం జనం బొమ్మను దాత దగ్గరికి మోసుకుపోవడమే ఎక్కువ జరిగింది.

ఆ దారి వేసింది విదేశీ మిషన్లు. తమ దేశాల్లో చందాలు పోగుచేసుకుని ఇక్కడ బడులు, ఆసుపత్రులు నడిపిన మిషన్లు ఇక్కడి పిల్లల ఫొటోలను అక్కడి నివేదికల్లో అచ్చువేసేవి, మాజిక్ లాంతరు పలకల మీద చూపించేవి. 1888లో తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ చిన్ననాటి చదువు కొంత తిరుపతిలోని జర్మన్ లూథరన్ మిషన్ బడిలోనే సాగింది. ఆయన తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ఉపన్యాసాలిచ్చారు, 1948-49లో యునెస్కో కార్యనిర్వాహక మండలికి అధ్యక్షత వహించారు, 1975లో వచ్చిన టెంపుల్టన్ బహుమతి సొమ్మంతా ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికే ఇచ్చేశారు. తూర్పు చేయి చాస్తుంది, పడమర పెడుతుంది అన్న పాత కథలో ఇలాంటి పాత్రకు చోటు లేదు.

ప్రభుత్వం పెద్దయెత్తున ఊళ్లకు బొమ్మ తెచ్చింది 1975లో. ఆ ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు, నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. కోళ్ల దొడ్లకు కట్టే తీగ జాలీతో చేసిన యాంటెన్నా, దాని కింద ఒక టీవీ పెట్టె, దాని ముందు ఊరంతా. సాయంత్రాలు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ గురించి తెలుగులో చెప్పేవారు. ప్రపంచమంతా గమనించిన ప్రయోగం అది. ఒక్కటే లోటు: మాట ఒకవైపే నడిచింది. ఊరు వినగలిగింది గానీ, ఈ విత్తనం మా నేలకు పనికిరాదు అని అదే తెరమీద బదులు చెప్పలేకపోయింది.

ఆ లోటు ఎంత ఖరీదైనదో తర్వాతి రెండు సంఘటనలు చూపించాయి. అంతర్జాతీయ వేదికల మీద సూక్ష్మరుణాల కథకు ఒకప్పుడు ఎదురులేదు. అప్పిచ్చి పేదరికం పోగొడుతున్నారని, ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ వ్యవస్థాపకుడు విక్రమ్ ఆకులను 2006లో టైమ్ పత్రిక ప్రపంచంలోని 100 మంది ప్రభావశీలుర జాబితాలో చేర్చింది. 2010 ఆగస్టులో ఆ సంస్థ సుమారు 1,600 కోట్ల రూపాయల పబ్లిక్ ఇష్యూ ముగించి షేర్ మార్కెట్లో అడుగుపెట్టింది. అదే ఏడాది అక్టోబరులో, వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక ఆడవాళ్లు ఆత్మహత్యలు చేసుకుంటున్నారన్న వార్తల మధ్య, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలకు కళ్లెం వేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. వేదిక మీద చెప్పిన కథకు, వాయిదా కట్టే ఇంట్లో నడిచిన కథకు మధ్య ఉన్న దూరం సదస్సులకు తెలిసేసరికే ఆలస్యమైంది.

రెండోది 2009లో ఖమ్మం జిల్లాలో మొదలైంది. గేట్స్ ఫౌండేషన్ నిధులతో పాత్ అనే అమెరికా సంస్థ, ప్రభుత్వ సహకారంతో, 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిరోధక టీకా వేయించింది. వారిలో చాలామంది గిరిజన బాలికలు. కొందరు పిల్లలు చనిపోయారన్న ఆందోళనతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును నిలిపేసింది. మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. ఆ టీకా ఇవాళ ఎన్నో దేశాల్లో మామూలు కార్యక్రమంలో భాగం. కానీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం వేలెత్తి చూపింది అనుమతి తీసుకున్న తీరును. ఎన్నో పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. విడమరిచి చెప్పి ఒప్పించాల్సిన చోట సంతకంతో సరిపెట్టారు. మంచి మందు కూడా అలా అనుమానం పాలైంది.

దీనికి విరుగుడు కూడా తెలుగునేల మీదే ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, చదువురాని దళిత మహిళా రైతుల చేతికి కెమెరా ఇచ్చింది. వాళ్లు కెమెరా కోణాలకు సొంత పేర్లు పెట్టుకున్నారు. మనిషిని పైనుంచి కిందికి చూపిస్తే అది పటేల్ షాట్. కిందినుంచి పైకి చూపిస్తే బానిస షాట్. కళ్లకు కళ్లు సమానంగా ఉంటే సంఘం షాట్. ఆ లెక్కన సేవాసంస్థల సినిమాలన్నీ మొదలయ్యే డ్రోన్ దృశ్యాన్ని ఏమనాలో వేరే చెప్పక్కర్లేదు.

ఆ మహిళలే వరంగల్ బీటీ పత్తి రైతుల మీద చిత్రం తీసి విదేశీ వేదికలకు పట్టుకెళ్లారు. 2008 నుంచి మాచునూరులో సంఘం రేడియో నడిపారు. ఏటా సంక్రాంతి నుంచి ఎడ్లబండ్లతో ఊరూరా తిరిగే పాత పంటల జాతరలో పాట, ఉపన్యాసం, సినిమా, చర్చ అన్నీ చేర్చారు. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. విదేశీ ప్రేక్షకుడు చూసిన సినిమాను ఇక్కడ పొరుగూరి రైతు కూడా చూశాడు, ఒప్పుకోనిచోట ఒప్పుకోనన్నాడు. ఆ సినిమాకు బలం అక్కడినుంచే వచ్చింది.

యంత్రం ఖరీదన్న సాకు కూడా పాతబడింది. 2008లో స్వతంత్ర సంస్థగా ఏర్పడిన డిజిటల్ గ్రీన్, రైతులతోనే రైతుల భాషలో చిన్న వీడియోలు తీయించి, అరచేతిలో ఇమిడే ప్రొజెక్టర్లతో చూపించే పద్ధతిని వ్యాప్తి చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలోనూ ఆ పద్ధతి వాడారు. ఆటను మధ్యమధ్య ఆపి, ఏం అర్థమైందో, ఏం కుదరదో అడిగే మనిషి ఒకరు పక్కన ఉంటారు. ఫలితం ఆ మనిషి మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

ఇక లెక్క సంగతి. ఉపాధి హామీ పనుల మీద 2006 నుంచి ఆంధ్రప్రదేశ్ నడిపిన సామాజిక తనిఖీలో మస్టర్ రోలు ఊళ్లో చదివారు, మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టారు, మింగినవాళ్ల దగ్గర్నుంచి కొంతైనా రాబట్టారు. ప్రభుత్వ సొమ్ముకు ఉన్న ఈ ఏర్పాటు దాతల సొమ్ముకు లేదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కంపెనీ తన సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు వెచ్చించాలి. తాను పనిచేసే చోటు చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలనీ ఆ చట్టం చెప్పింది. 2021 నియమాలతో, పెద్ద కంపెనీలు కోటి రూపాయలు లేదా అంతకు మించిన ప్రాజెక్టుల ఫలితాలను బయటివారితో మదింపు చేయించాలి. ఆ నివేదిక వెళ్లేది డైరెక్టర్ల బోర్డుకు. విదేశీ విరాళాల లెక్క వెళ్లేది ఢిల్లీకి. ఊరికి ఏ నివేదికా రాదు.

ఆరణి వైపు ఊళ్లలో భాష ఇంకో చిక్కు. తిరుత్తణి, పళ్లిపట్టు, ఊత్తుకోట ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే ఇళ్లు చాలానే ఉన్నాయి. 2006లో తమిళనాడు తెచ్చిన చట్టంతో బడిలో తమిళం తప్పనిసరైంది, తెలుగు చదవగల పిల్లలు తగ్గుతూ వచ్చారు. ఇంట్లో మాట తెలుగు, చదవడం తమిళం. కొత్తగా వచ్చే సేవాసంస్థ నివేదిక మాత్రం ఇంగ్లిషు. ఇలాంటి చోట అచ్చు పుస్తకం కంటే మాట్లాడే సినిమా ఎక్కువ పనికొస్తుంది. తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి గొంతు చేర్చడానికి అయ్యే ఖర్చు డ్రోన్ అద్దెకు మించదు. ప్రశ్న అడిగేటప్పుడు మనిషి ఇంటి మాటలోకే వెళతాడు కనుక, జవాబు చెప్పేవారికి కూడా ఆ మాట వచ్చి ఉండాలి.

అభ్యంతరాలు లేకపోలేదు. ఊళ్లో ఆట వేస్తే ముందు వరసలో పెద్దమనుషులే కూర్చుంటారు, మాట్లాడేదీ వాళ్లే అంటారు కొందరు. నిజమే. అందుకే ఆట పంచాయతీ ఆఫీసు ముందు కాక, పని ఎవరికోసం జరిగిందో ఆ కాలనీలో పడాలి. ఇటుక బట్టీలోనో రైస్‌మిల్లులోనో వెట్టి నుంచి బయటపడ్డ ఇరుల గిరిజన కుటుంబాల ముఖాలను ఊరి తెరమీద చూపించడం ప్రమాదం కదా అన్నది ఇంకా బరువైన అభ్యంతరం. అలాంటి సినిమా బహిరంగ ప్రదర్శనకు తగదు. అయితే ఊరికి చూపించడం ప్రమాదమైనప్పుడు, అది ఫోన్లలో ఊరంతా తిరగగల ఈ రోజుల్లో, దాతలకు చూపించడం మాత్రం క్షేమం ఎలా అవుతుంది? అందులో కనిపించేవారికి ముందుగా చూపించి, వద్దంటే తొలగించడమే అక్కడ న్యాయం. స్వతంత్ర డాక్యుమెంటరీల సంగతి వేరు. హైదరాబాద్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ లాంటి చోట్ల ఆడే చిత్రాలకు ఊరి అనుమతి ముద్ర అడగడం సెన్సారు అవుతుంది. ఇక్కడ అడుగుతున్నది తన డబ్బుతో, తన పని గురించి, తన పేరుతో సినిమా తీయించుకున్న సంస్థను.

తమిళనాడులో ఏడాదికి ఆరు గ్రామసభలు జరుగుతాయి: జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. వాటిలో ఒకదాని ముందురోజు సాయంత్రం కాలనీలో సినిమా వేసి, ఎంత మంజూరైంది, ఎవరికి చెల్లించారు, ఇంకా ఏం మిగిలింది అన్న మూడు సంగతులు తెరమీద చూపించి, వచ్చిన ప్రశ్నలను మర్నాడు సభ మినిట్స్‌లో రాయించవచ్చు. సరిహద్దుకు ఇటువైపు సత్యవేడు, పిచ్చాటూరు గ్రామాల్లోనూ అదే పద్ధతి కుదురుతుంది. ఖర్చుకు వెతుక్కోనక్కర్లేదు. ఫలితాల మదింపు కోసం సామాజిక బాధ్యత వ్యయంలో 2 శాతం లేదా 50 లక్షల రూపాయలు, ఏది ఎక్కువైతే అంతవరకూ వాడుకోవచ్చని 2022 సవరణ అనుమతిస్తోంది. మదింపులో ఊరి ప్రదర్శనను, ఊరి ప్రశ్నలను ఒక భాగం చేయమని కంపెనీలను అడగడానికి తిరువళ్లూరు, తిరుపతి కలెక్టర్లకు కొత్త చట్టం గానీ, కొత్త నిధి గానీ అవసరం లేదు.