అడగందే అమ్మయినా పెట్టదు

మొన్న మా మారేడ్‌పల్లిలో పక్కింటావిడ తన కూతుర్ని ఎమ్మెస్ చదువుకి అమెరికా పంపింది. నాలుగు రోజులపాటు వాళ్ళిల్లు పెళ్ళిల్లే. సున్నుండలు, కందిపొడి, గోంగూర పచ్చడి, చిన్న కుక్కరు... పెట్టెలు తూచడం, బరువెక్కువైతే విప్పడం, మళ్ళీ సర్దడం! “ఏమీ మర్చిపోలేదు కదండీ?” అని ఆవిడడిగితే, “ఏమీ లేదండీ” అన్నాను. ఇంటికొచ్చి పడుకున్నాక మా అన్నయ్య కొడుకు గుర్తొచ్చాడు. మర్చిపోయిందేమిటో అప్పుడు తట్టింది.

మావాడు 2023 వేసవిలో అక్కడ ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేశాడు. అంటే చదువు మధ్యలో చేసే పని శిక్షణ. తండ్రి వయసున్న పై అధికారిని పేరు పెట్టి పిలవమన్నారట. వాడికి నోరు రాలేదు. మీటింగుల్లో పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే బుద్ధిగా వింటూ కూర్చునేవాడు. అప్పగించిన పని సగమే అర్థమైంది. అడిగితే ‘ఇదీ తెలియదా’ అనుకుంటారని రెండు వారాలు తనలో తనే కుస్తీ పట్టాడు. చివరికి ఆ అధికారి, “మొదటిరోజే అడిగితే పది నిమిషాల్లో చెప్పేవాణ్ణి కదా! నీకీ పని ఇష్టంలేదేమో అనుకున్నాను” అన్నాడట.

మన దగ్గర మౌనం మర్యాద. అక్కడ మౌనంగా ఉంటే చెప్పడానికేమీ లేదని అర్థం. ఇందులో ఎవరి తప్పూ లేదు గానీ, నష్టపోయింది మాత్రం మావాడే. శిక్షణ ముగిశాక ఆ కంపెనీ వాడికి ఉద్యోగం ఇవ్వలేదు.

ఇలాంటి పిల్లలు ఒకరిద్దరు కాదు. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచాక మనవాళ్ళకు వీసా కోసం మద్రాసు పరుగెత్తే బాధ తప్పింది. 2023లో అది నానక్‌రామ్‌గూడకి మారింది. 2024-25లో అమెరికాలో లెక్కకొచ్చిన భారతీయ విద్యార్థులు సుమారు 3 లక్షల 63 వేలమంది. వాళ్ళలో 1 లక్షా 43 వేలకు పైగా డిగ్రీ ముగించి ‘ఓపీటీ’ అనే పని శిక్షణలో ఉన్నవాళ్ళే.

ఈ ఓపీటీ సంగతి తల్లులు కూడా తెలుసుకోవాలి. డిగ్రీ తర్వాత 12 నెలలు పని చేసుకోవచ్చు. సైన్సు, ఇంజనీరింగు వంటివి చదివినవాళ్ళకి 2016 నుంచి మరో 24 నెలలు ఇస్తున్నారు. అయితే మొదటి 12 నెలల్లో పని లేకుండా గడిపిన రోజులన్నీ కలిపి 90 దాటకూడదు. దాటితే అక్కడ ఉండే అర్హతకే ముప్పు. దీనికి తోడు 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అది దేశం బయట ఉన్నవాళ్ళ కోసం వేసే దరఖాస్తులకేనని తర్వాత వివరణ వచ్చినా, ఇళ్ళలో గుబులు పోలేదు.

2024లో డిగ్రీ చేతికొచ్చాక మావాడికీ ఆ 90 రోజుల లెక్క మొదలైంది. ఇక్కడేమో ఇల్లు తాకట్టులో ఉంది. రోజూ రాత్రి ఫోను. “తిన్నావా?” “తిన్నానమ్మా.” “ఆఫీసెలా ఉంది?” “బాగుందమ్మా.” 70 రోజులు ఇదే పాట! ఆ మర్నాడు వదినకి వాడి గొంతులో ఏదో తేడా తెలిసింది. గుచ్చి గుచ్చి అడిగితే బయటపడ్డాడు. వదిన ఒక్క మాటే అంది: “అప్పు సంగతి మేం చూసుకుంటాం. తిరిగొచ్చినా నీ కంచం నీకుంటుంది.”

ఆ ధైర్యంతో వాడు తన ప్రొఫెసర్ దగ్గరికెళ్ళి నోరు విప్పాడు. ఆయన తన లాబ్‌లో వారానికి 20 గంటల పనిచ్చాడు, జీతం లేకుండా. చదివిన చదువుకి సంబంధించిన పనైతే, ఆ మొదటి 12 నెలల్లో జీతం లేకపోయినా, వారానికి కనీసం 20 గంటలు చేస్తే ఖాళీ రోజుల లెక్క ఆగుతుందట. అడిగితే కదా తెలిసేది! నాలుగు నెలలకి చిన్న ఉద్యోగం దొరికింది. అప్పు మాత్రం ఇంకా తీరలేదు.

ఆఫీసులో “తెలియదు” అనలేనివాడే ఫోనులో “బాగాలేదు” అనలేకపోయాడు. రెండూ ఒకటే అలవాటు. నేర్పిందెవరు? మనమే. “ఎదురు ప్రశ్నలెయ్యకు”, “నలుగురిలో పరువు తియ్యకు” అంటూ పెంచాం. ఆడపిల్లకైతే “గట్టిగా మాట్లాడకు” అన్నది అదనం.

అడగనివాళ్ళకి వల వేసేవాళ్ళకీ కొదవ లేదు. క్లాసులు సరిగా లేకుండానే పని చేసుకోవచ్చన్న ఆశతో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీలో చేరినవాళ్ళలో మన పిల్లలే ఎక్కువ. 2011 జనవరిలో దాన్ని మూసేసినప్పుడు కొందరి కాళ్ళకి రేడియో పట్టీలు కట్టారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ సంగతి బయటపడింది. అది అక్కడి అధికారులే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. అరెస్టయిన విద్యార్థులు దాదాపు అందరూ భారతీయులే. వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది.

పిల్లలకి మనం చెప్పే కథల్లోనూ ఈ దాపరికం ఉంది. మనం కడుపుతో ఉన్నప్పుడు వేసుకునే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనక యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధన ఉందని గొప్పగా చెప్పుకుంటాం. 1923లో బోస్టన్‌లో దిగిన ఆయన, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారన్నది ఎంతమంది పిల్లలకి చెబుతాం? కష్టం కూడా చెప్పుకోదగ్గదేనని తెలిస్తేనే కదా, వాళ్ళూ చెబుతారు!

పక్కింటావిడతో ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “నేను తిన్నావా అనే అడుగుతానండీ, ఇంకేం అడగాలో నాకూ తెలియదు” అంది చివరికి. వారానికోసారైనా “ఈ వారం నీకు అర్థం కానిదేమిటి? ఎవర్నడిగావు?” అని అడగండి అన్నాను. తప్పు చేసినా, ఓడిపోయినా ఇంట్లో చోటుందని పెట్టె సర్దేటప్పుడే చెప్పాలి. విమానం ఎక్కాక చెబితే అది ఓదార్పులాగే వినిపిస్తుంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగడం రాని పిల్లల్ని పంపుతున్నప్పుడు, ముందుగా అడగాల్సింది అమ్మే. మీరేమంటారు?