జీపీసీఆర్‌ల వెనకాలే ఎందుకు పడతారు?

మందుల పరిశోధనలో ఉన్నవాళ్ళని ఎవర్నైనా కదిపి చూడండి, కాసేపట్లో జీపీసీఆర్ అన్న మాట వచ్చి తీరుతుంది. అంటే జి ప్రొటీన్ కపుల్డ్ రిసెప్టర్. ఇంతమందీ వీటిమీదే పడ్డారేంటండీ అంటే రెడీమేడ్ జవాబొకటి ఉంది: వాడకంలో ఉన్న మందుల్లో దాదాపు మూడోవంతు పనిచేసేది వీటిమీదే. బీపీకి ప్రొప్రనలాల్, ఎలర్జీకి సెట్రిజిన్, ఈమధ్య అందరి నోళ్ళలో నానుతున్న సెమాగ్లూటైడ్, అన్నీ ఈ బాపతే.

నిజమే. కానీ నాకా జవాబు ఆనదు.

మన భాషలో చెప్పుకుందాం. కణపు పొరలోంచి ఏడుసార్లు అటూ ఇటూ దూరిన ప్రొటీన్ ఇది. అడ్రినలిన్ బయటే తగులుతుంది, రిసెప్టర్ ఆకారం మారుతుంది, లోపలున్న జి ప్రొటీన్ మేలుకుంటుంది. కంట్లో వెలుతురుకీ, ముక్కులో వాసనకీ ఇదే పద్ధతి. మనుషుల్లో ఇలాంటివి సుమారు 800. ఇంటర్‌ఫేస్ ఒకటే, ఇంప్లిమెంటేషన్లు ఎనిమిదొందలు! ఒకదాని గుట్టు తెలిస్తే మిగతావాటికీ దారి దొరుకుతుంది. అసలు ఆకర్షణ ఇక్కడుందని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. ప్రొప్రనలాల్ 1960ల్లోనే వచ్చేసింది. కానీ 1970 ప్రాంతంలో రాబర్ట్ లెఫ్కోవిట్జ్ పని మొదలెట్టేనాటికి అసలు రిసెప్టర్లనేవి ఉన్నాయా అని అనుమానపడేవాళ్ళు బోలెడుమంది. నడుస్తున్న కోడ్‌ని కెలక్కు అంటాం కదా మనం? ఆయన కెలికారు. 1986లో ఆయన ల్యాబ్‌లో ఉన్న బ్రయన్ కోబిల్కా తదితరులు బీటా-2 రిసెప్టర్ జన్యువుని పట్టుకున్నారు. దాని ఆకారం బయటపడింది మాత్రం 2007లో. మధ్యలో 21 ఏళ్ళు! మన దగ్గరైతే రెండు క్వార్టర్లు ఫలితం లేకపోతే ప్రాజెక్ట్ ఎత్తేస్తారు. 2012లో వాళ్ళిద్దరికీ కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

నా బాధల్లా ఇప్పటి గురించే. ఏ అణువు తగిలితే మేలుకుంటాయో తేలని "అనాథ" రిసెప్టర్లు ఇంకా వందదాకా ఉన్నాయి. జనమూ డబ్బూ మాత్రం ఎక్కువగా మందులున్న రిసెప్టర్ల చుట్టూనే తిరుగుతున్నాయి. "మూడోవంతు మందులు" అన్న జవాబుతో వచ్చిన చిక్కే ఇది, తొక్కిన దారినే మళ్ళీ తొక్కమంటుంది. గ్రాంటు అడగడానికి ఆ లెక్క బానే ఉంటుంది. సబ్జెక్ట్ ఎంచుకోడానికి మాత్రం "ఇదెలా పనిచేస్తోంది?" అన్న దురద చాలాలి. ఆ దురదకి జీతమిచ్చేవాళ్ళూ కొందరు ఉండాలి.

ఏమంటారు?