అమ్మ చాకిరీకీ జీరో టికెట్టేనా?

ఆర్టీసీ బస్సుల్లో మనకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలైంది. అప్పటినుంచి పల్లెవెలుగైనా, ఎక్స్‌ప్రెస్సైనా ఎక్కి ఆధార్ చూపిస్తే కండక్టరు ‘జీరో టికెట్’ కొట్టి చేతిలో పెడుతున్నాడు. పుట్టింటికి వెళ్లాలన్నా చార్జీల లెక్కలు వేసుకున్న మాలాంటి వాళ్లం ఇప్పుడు గుడికీ, గోదారికీ కూడా బయల్దేరుతున్నాం. సంతోషమే. కానీ మనతోపాటే చప్పుడు చేయకుండా బస్సెక్కే పని ఒకటుంది. గమనించారా? అదే, బట్టలుతకడం!

కిందటి దసరా సెలవుల్లో మావారు, అత్తమ్మ, ఇంటర్ చదివే మా అబ్బాయి, తొమ్మిదో తరగతి అమ్మాయి, నేను జనగామలో బయల్దేరాం. ముందు మహబూబాబాద్, ఆ పక్కనే కురవి వీరభద్రస్వామి దర్శనం. తర్వాత భూపాలపల్లిలో మా ఆడబిడ్డ ఇల్లు. ఆఖరున కాళేశ్వరం. నాలుగు రోజులు, ఐదుగురు మనుషులు. రోజుకో జత లెక్కన సర్దితే ఇరవై జతలు! బస్సులు మారుతూ అంత బరువు మోసేదెవరు? ‘‘మనిషికి రెండు జతలు చాలు. ఉతకడానికి నువ్వున్నావు కదా’’ అన్నారు మావారు. సంచిలో నాలుగు గజాల నైలాను తాడు, పది రూపాయల సబ్బు పొడి ప్యాకెట్లు, ఒక బట్టల సబ్బు వేసుకున్నాను. ఆయనన్నది తప్పని అప్పుడు నాకూ తోచలేదు.

ఆ రాత్రి దిగిన లాడ్జిలో గోడమీద బోర్డు: ‘గదిలో బట్టలు ఉతకరాదు.’ కింద అడిగితే ఉతికి ఇస్త్రీ చేయడానికి చొక్కాకు నలభై రూపాయలన్నారు. చీరకు అంతకు రెండింతలు. ఐదుగురి బట్టలూ వేస్తే గది అద్దెకు దగ్గరగా వచ్చింది. ఇంకేముంది? అందరూ పడుకున్నాక స్నానాల గదిలో బకెట్టు ముందు కూర్చున్నాను. శబ్దం వస్తే ఎవరైనా తలుపు కొడతారేమోనని భయం. బాదకుండా, జాడించకుండా, దొంగతనం చేస్తున్నట్టు చేతులతోనే పిసికి పిండాను. పని ముగిసేసరికి పదకొండున్నర.

పొద్దున లేచి, ఫ్యాను కింద ఆరిన చొక్కా తొడుక్కుంటూ మావారు మెచ్చుకోలుగా అన్నారు: ‘‘చూశావా, పైసా ఖర్చు లేకుండా అయిపోయింది!’’

ఆ మాట రోజంతా నా చెవుల్లో గింగురుమంది. పైసా ఖర్చు లేదు. నిజమే. మరి గంటన్నర నిద్ర? నడుం నొప్పి? వాటిని ఏ పద్దులో రాయాలి?

ముందురోజు బస్సులో పాలకుర్తి దాటి వచ్చాం. చాకలి ఐలమ్మ పుట్టింది 1895లో. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటను కాపాడుకున్నది ఆ పాలకుర్తిలోనే. హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు. దొరల గడీలకు ఊరి చాకలి కుటుంబాలు కూలి లేకుండా బట్టలుతికిన కాలమది. ఆ చాకిరీకి ‘వెట్టి’ అని పేరు పెట్టి, మేం చేయమని తిరగబడ్డ నేల ఇది. ఇంట్లో మనం చేసే పనీ, ఆ వెట్టీ ఒకటేనని నేననను. అక్కడ కొరడా ఉంది. ఇక్కడ ప్రేమ ఉంది. కానీ పనికి విలువ కట్టకపోతే అది కంటికి కనిపించకుండా పోతుందన్నది మాత్రం రెండుచోట్లా నిజమే కదా!

భూపాలపల్లి చేరాక ఆడబిడ్డతో ఈ మాటే అన్నాను. ఆమె నవ్వి, ‘‘వదినా, మా ఇంట్ల ఎవరి బట్టలు వాళ్లే ఉతుక్కుంటరు. నేను చెప్పి చెప్పి కాదు, రెండు రోజులు ఊకున్న. మూడో రోజు వాళ్లే బకెట్టు పట్టుకున్నరు’’ అంది. బొగ్గు గనుల ఊరు కదా, దుమ్ము పట్టిన బట్టను తడిపేముందు పొడిగానే గట్టిగా దులపాలనీ, తడిపాక దులిపితే మసి దారాల్లోకి దిగుతుందనీ ఆమే చెప్పింది.

ఆ సాయంత్రమే మా ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. స్నానానికి వెళ్లిన మనిషి విడిచిన జత తానే ఉతుక్కుని బయటికి రావాలి. అత్తమ్మవి మాత్రం మనవడూ మనవరాలూ వంతులవారీగా. ‘‘నాకు రాదు’’ అన్నాడు పెద్దోడు. క్రికెట్టు ఆడొచ్చినవాడికి చొక్కా పిండటం రాదా?

నేర్పితే ఎంతసేపు! చెమట ఆరకముందే ఆ రాత్రే నీళ్లలో వేస్తే సగం మురికి పొడి లేకుండానే పోతుంది. మా జనగామ ఇంట్లోలాంటి ఉప్పు బోరు నీళ్లయితే సబ్బు విరిగి తెట్టె కడుతుంది, అక్కడ పొడే మేలు. కాలరుకీ, చేతుల అంచులకీ మాత్రం సబ్బు రుద్దితే చాలు. పిండిన బట్టను పొడి తువ్వాలులో చుట్టి మెలితిప్పితే మిగిలిన తడి తువ్వాలు లాగేస్తుంది. ఫ్యాను కింద తెల్లారేసరికి ఆరిపోతుంది. తాడును రెండు పేటలుగా మెలిపెట్టి కడితే బట్ట కొసలు ఆ మెలికల్లో దోపొచ్చు, క్లిప్పులు అక్కర్లేదు. గుళ్లో అంటిన పసుపు మరక సబ్బు తగిలి ఎర్రబడితే కంగారు పడకండి. బాగా జాడించి ఎండలో వేస్తే వెలిసిపోతుంది. ఇవి మనకు తెలియనివా? తెలియాల్సింది మన ఇంట్లో మిగతావాళ్లకు!

ఇంకో సంగతి. మా అమ్మాయి తన లోబట్టలు ఉతికి, తువ్వాలు కింద దాచి ఆరేసింది. పొద్దునకి అవి చెమ్మగానే ఉన్నాయి. అలాగే వేసుకోబోయింది. అట్లా దాచమని నేర్పింది ఎవరు? నేనే. నాకు మా అమ్మ నేర్పింది. తడి బట్ట ఒంటికి అంటుకుని ఉంటే దురదలు, పుళ్లు పట్టుకుంటాయి. నెలసరి గుడ్డలు వాడేవాళ్లకైతే ఎండ తగలడం మరీ అవసరం. వాళ్ల నాన్న బనియన్లు డాబా మీద జెండాల్లా ఎగురుతుంటే లేని సిగ్గు, పద్నాలుగేళ్ల పిల్ల బట్టలకెందుకు? ఆ రోజు అన్నిటినీ ఒకే తాడుమీద ఆరేశాను. అత్తమ్మ చూసి, ఏమీ అనకుండా కొసన తన జాకెట్టు కూడా వేసింది!

ఆఖరి మజిలీ కాళేశ్వరం. గోదావరి, ప్రాణహిత కలిసే చోటు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలు జరిగిందీ ఇక్కడే. స్నానాలు చేసి తడి చీరలతో వచ్చిన ఆడవాళ్లు మెట్లమీద అటూ ఇటూ చూస్తున్నారు, వాటిని ఎక్కడ పిండాలి, ఎక్కడ ఆరేయాలి అని. ఒకామె చీర కొస తాను పట్టుకుని, రెండో కొస కూతురికిచ్చి గాలికి ఆరబెడుతోంది. కొందరు నదిలోనే సబ్బు రుద్దుతున్నారు. విడిచిన బట్టలు నీళ్లలో వదిలేయడం ఇంకొందరికి ఆచారం. తల్లీ అని మొక్కిన నీళ్లలోనే మన మురికి కలిపితే ఎలా? అయితే వద్దని చెప్పడమొక్కటే సరిపోదు. ఉతికే చోటు చూపించాలి కదా!

బస్సులో చోటిచ్చిన ప్రభుత్వం ఈ చిన్న పని కూడా చేయలేదా? ఆడవాళ్లు ఎక్కువగా వచ్చే ప్రతి పుణ్యక్షేత్రంలో, సత్రంలో ఒడ్డుకు దూరంగా నాలుగు బండలు, ఒక కుళాయి, మురుగు పోయే దారి, ఎండ తగిలే చోట చుట్టూ గోడ కట్టిన దండేలు ఉండాలి. లాడ్జీలవాళ్లు ‘ఉతకరాదు’ బోర్డు పెట్టే బదులు డాబా మీద రెండు తీగలు కడితే వాళ్ల గోడలూ పాడవవు, మనకూ దొంగతనం తప్పుతుంది. ఉతికించుకునే స్థోమత ఉన్నవాళ్లు ఊళ్లో చాకలి కుటుంబానికి వేసి, బేరమాడకుండా ఇవ్వండి. వాళ్ల రెక్కలూ నొప్పి పుడతాయి.

తిరుగు ప్రయాణంలో మా పెద్దోడు తన చొక్కా మడతపెట్టి సంచిలో పెట్టుకుంటూ, ‘‘అమ్మా, కాలరు సరిగా పోలేదే’’ అన్నాడు. ‘‘ఈసారి ఇంకాస్త రుద్దురా’’ అని, నేను కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా పొలాలు చూశాను. నాలుగు రోజుల్లో నాకు దొరికిన మొదటి సెలవది.

మీరూ ఈసారి ఊరెళ్లేటప్పుడు తాడు తప్పక తీసుకెళ్లండి. కానీ దాన్ని మీ ఒక్కరి సంచిలోనే పెట్టుకోకండి. ఏమంటారు?