క్యాన్సర్ రోగులకు మన సంఘాలు ఏం చేయగలవు?

పరేల్‌లోని టాటా మెమోరియల్ ఆసుపత్రి చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద సంచులు తలకింద పెట్టుకుని పడుకునేవాళ్లను ముంబైలో చూడనివారు లేరు. వాళ్లలో తెలుగు మాట తరచూ వినిపిస్తుంది. 1941లో మొదలైన ఆ ఆసుపత్రికి దేశం నలుమూలల నుంచీ వస్తారు. మిల్లులు నడిచిన రోజుల నుంచి వర్లీ, పరేల్ చాళ్లలో ఉన్న మనవాళ్లకు మాత్రం అది ఇంటి పక్క ఆసుపత్రి. అందుకే క్యాన్సర్ రోగులకు, వారి కుటుంబాలకు సాయపడే ట్రస్టు పెట్టాలన్న ప్రతిపాదన మా సంఘం సర్వసభ్య సమావేశానికి వస్తోంది. షోలాపూర్, భివండీ, బెంగళూరు, చెన్నై సంఘాలకూ ఈ ప్రశ్న ఎదురయ్యేదే కాబట్టి మా ఆలోచన ఇక్కడ పెడుతున్నాం.

ముందు మా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట సిరిసిల్ల వైపు నుంచి నోటి క్యాన్సర్‌తో వచ్చిన ఒక నేత కార్మికుడి కోసం చందాలు వేసుకున్నాం. డబ్బు ఆసుపత్రిలో కట్టి, ఫోటో కూడా దిగాం. ఆపరేషన్ అయింది. ఆరు వారాల రేడియేషన్ అన్నారు. మూడో వారంలో వాళ్లు ఊరికి వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే ఆయన భార్య, "దవాఖానకు మీరు కట్టిండ్రు సారూ, కాదంటలేను. ఉండనీకి జాగ లేకపాయె. నేను బీడీలు చేస్తెనే ఇంట్ల పొయ్యి వెలిగేది" అంది. ఎక్కడుంటున్నారని మేమెవరం అడగలేదు.

రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజులు, కొన్ని వారాల పాటు ఇస్తారు. మిషన్ కింద ఉండేది కొద్ది నిమిషాలే, కానీ మిగతా రోజంతా ఈ ఊళ్లోనే గడపాలి. రోగితో తోడు వచ్చిన మనిషి కూలి పోతుంది. బీడీలకు లెక్క వెయ్యికింత అని. చేయని రోజు పైసా రాదు. షోలాపూర్ పాఠకులకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. దాదర్‌లోని గాడ్గే మహారాజ్ ధర్మశాల లాంటివి ఎందరికో చోటిస్తున్నాయి. అక్కడ చోటు దొరికేదాకా ఎక్కడ తలదాచుకోవాలన్నదే సమస్య.

వైద్యం ఖర్చుకు ఇప్పుడు దారులు లేకపోలేదు. ఆయుష్మాన్ భారత్‌లో అర్హులైన కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు ఉంది. తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచింది. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలలో రైలు టికెట్ పూర్తి ఉచితం, తోడు వచ్చేవారికి 75 శాతం రాయితీ. ఈ సంగతి తెలియక పూర్తి టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లను మేమే చూశాం. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. అవి సరిగ్గా నడిస్తే కీమోకు ఇంత దూరం రావడం తగ్గుతుంది. పెద్ద ఆపరేషన్లకు, రేడియేషన్‌కు నగరం తప్పదు.

ఇక భాష. సలుపు, పోటు, మంట, గుంజుడు, తిమ్మిరి. ఇన్ని రకాలుగా చెప్పుకున్న బాధను తోడు వచ్చిన కుర్రాడు వచ్చీరాని హిందీలో "దర్ద్ హై" అని తేల్చేస్తాడు. మందు మింగాక మంటా, మింగకముందే మంటా అన్నది డాక్టరుకు చేరదు. ఈ పని డబ్బుతో అయ్యేది కాదు. మూడు తరాలుగా మరాఠీ, హిందీ, తెలుగు మూడూ మాట్లాడుతున్న మనకది చేతిలో పని. బెంగళూరు, చెన్నైలలో ఉన్నవారికీ అంతే.

ట్రస్టు కాగితాల మాట. గుమాస్తాగా బతికినవాళ్లం కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాం. ఒక కులానికో మతానికో మాత్రమే అని ఆశయాల్లో రాసుకున్న సంస్థకు, దాతలకు పన్ను రాయితీనిచ్చే గుర్తింపు రాదు. "మన కులంవాళ్లకే" అని పట్టుబడుతున్న పెద్దలు ఇది గమనించాలి. గుర్తింపు వచ్చినా, 2,000 రూపాయలు మించి నగదుగా ఇచ్చినదానికి ఆ రాయితీ వర్తించదు. కాబట్టి పండగ చందా పుస్తకం పట్టుకుని తిరిగే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఖాతా కూడా విడిగా ఉండాలి. ఉగాది ఖర్చు, రోగి ఖర్చు ఒకే ఖాతాలో కలిస్తే రెండేళ్లకే తగాదా ఖాయం.

అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో 12 మంచాలతో మొదలైంది. చెల్లెలిని క్యాన్సర్‌కు పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి, మహిళా సంఘం తోడుతో నిధి కూడగట్టి దాన్ని నిలబెట్టారు. అది చూపించి మనమూ ఆసుపత్రి కడదామనేవారున్నారు. ఆమె డాక్టరు, మనం కాదు. మనకు తగినది రెండు అద్దె గదులు, తోడు మనిషికి రోజుకింత భత్యం, ఆసుపత్రిలో పక్కన నిలబడి మాట చెప్పే తెలుగు మనిషి. కార్యవర్గంలో ఎక్కువమందిమి ఇటే మొగ్గుతున్నాం.

ఉదయం పూట ఆసుపత్రికి వస్తామని ఇప్పటికి ఆరుగురు పేర్లిచ్చారు. నలుగురు అరవై దాటినవాళ్లే. వీల్‌చెయిర్ తోయడానికి, క్యూలో నిలబడడానికి వయసులో ఉన్నవాళ్లు కావాలి. సర్వసభ్య సమావేశానికి మీ ఇంట్లో కుర్రకారును కూడా వెంటబెట్టుకుని రండి.