కొన్న అప్పడాలు

మా మేనల్లుడు జావాలో ప్రోగ్రాములు రాస్తాడు. మొన్న ఆదివారం వాడి పక్కన కూర్చుని చూస్తున్నాను. ఒక్క వరుస టైపు చేసి పేజీ తెరిచాడు. తెరమీద నిండు కేలండరు! నెల తిప్పితే తిరుగుతోంది. తేదీ నొక్కితే గడిలో పడుతోంది.

"అంతా నువ్వే తయారుచేశావుట్రా?" అన్నాను.

"లేదు మామయ్యా, రెడీమేడు. అత్తయ్య అప్పడాలు బజార్లో కొనటంలా?"

సంగతేమిటంటే, 2004లో జావాసర్వర్ ఫేసెస్ అనే పద్ధతి వచ్చింది. ఇప్పుడు దాని పేరు జకార్తా ఫేసెస్. కేలండర్లు, పట్టికలు, మెనూలు తయారుచేసి, జార్ ఫైళ్ళలో కట్టి ఇచ్చేవారు బయల్దేరారు. ఆ ఫైలు మన ప్రాజెక్టులో చేర్చుకోవటమే. ఎక్లిప్స్ అయినా, నెట్‌బీన్స్ అయినా, ఇంటెల్లిజే అయినా సరే. ఎవరి చేతికి అలవాటైన కత్తిపీట వారిది.

"మరి అప్పడాలవాడు కొట్టు కట్టేస్తే?" అన్నాను వేళాకోళంగా.

వాడు నవ్వలేదు. రిచ్‌ఫేసెస్ అనే సరుకును చాలామంది వాడారట. 2016లో దాని పోషణ ఆగిపోయింది. కోడు అందరికీ తెరిచే ఉంది. అసలు తయారుచేసినవాళ్ళు మాత్రం మరమ్మతు మానేశారు. బ్రౌజర్లా, మారుతూనే ఉంటాయి. నమ్ముకున్నవాళ్ళలో కొందరు పేజీలను వేరే సరుకులోకి మార్చుకోవలసి వచ్చింది.

"అందుకే లెక్కలూ, నియమాలూ మామూలు జావాలో విడిగా రాసుకుంటాను. కొన్న సరుకు పేజీ వరకే. రేపు మార్చవలసివస్తే పైపూతే మారుతుంది."

అంతలో మా ఆవిడ అప్పడాలు పట్టుకొచ్చింది. కొన్నవే. డబ్బాలో మినప్పిండి మాత్రం ఎప్పుడూ ఉంటుంది లెండి.